వేదాయపాళెం పాపకు చిన్న క్లాసు దొరుకుతుందా?

నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. పాప పేరున్న స్కూల్లో ఒకటో తరగతి చదువుతోంది. క్లాసులో 46 మంది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల స్కూల్లో నోరు విప్పదట. డైరీలో వారానికి మూడు రోజులు ‘ఇన్‌కంప్లీట్’ అని ఎర్ర ఇంకుతో రాసి పంపుతున్నారు. వచ్చే జూన్‌లో వేరే స్కూల్లో రెండో తరగతికి చేర్చాలని ఉంది. పుస్తకాలు, యూనిఫాం, ఆటో అన్నీ కలిపి ఏడాదికి 35 వేలు దాటకూడదు, క్లాసులో పాతిక మందికి మించి ఉండకూడదు. సీబీఎస్ఈ అయితే మంచిదా, మంచి స్కూలు పేరు ఏదైనా చెప్తారా అని అడిగారు. ఇంట్లో నాలుగేళ్ల బాబు కూడా ఉన్నాడన్నారు.

పేరు చెప్పనమ్మా. చెప్పడానికి భయమేమీ లేదు, చెప్పినా ఉపయోగం లేదని. నా ఉద్యోగమంతా నెల్లూరు ప్రైవేటు స్కూళ్లలోనే గడిచింది. మొదట టీచరుగా, తర్వాత ప్రైమరీ ఇన్‌ఛార్జిగా, వేసవుల్లో అడ్మిషన్ల టేబుల్ దగ్గర. చిన్న స్కూలు మంచి చెడ్డా ముగ్గురు నలుగురు టీచర్ల మీదే నిలబడి ఉంటాయి. ఒకరికి పెళ్లయి చెన్నై వెళ్లిపోతారు, ఇంకొకరికి డీఎస్సీలో ప్రభుత్వ టీచరు ఉద్యోగం వస్తుంది, దాంతో స్కూలు తీరే మారిపోతుంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. ఆ పరీక్షకు కూర్చున్న వాళ్లలో ప్రైవేటు స్కూళ్లలో పాఠాలు చెప్పుకుంటూ రాత్రిళ్లు చదువుకున్న వాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. కాబట్టి రెండేళ్ల కిందట నాకు నచ్చిన స్కూలు ఇప్పుడు మీ పాపకు సరిపోతుందని నేను హామీ ఇవ్వలేను. ఎలా చూడాలో చెప్తాను, మీరే వెళ్లి చూసుకోండి.

ముందుగా ఒక లెక్క వేద్దాం. తక్కువ ఫీజు, తక్కువ పిల్లలు అనే రెండూ ఒకచోట ఉన్నాయంటే మూడోది ఏదో తగ్గి ఉంటుంది. అది ఏమిటో కనిపెట్టడమే మీ పని.

ఒక క్లాసులో 22 మంది పిల్లలు, తలకు 24 వేల ఫీజు అనుకోండి. కాగితం మీద 5 లక్షల 28 వేలు. అన్నా చెల్లెళ్ల కన్సెషన్లు, చివరి టర్ము కట్టకుండా వెళ్లిపోయిన వాళ్లు, సగం కట్టి సగం వచ్చే ఏడాది అన్నవాళ్లు పోగా చేతికి నాలుగున్నర లక్షలు వస్తే గొప్ప. క్లాస్ టీచరుకు నెలకు 14 వేలిస్తే ఏడాదికి లక్షా 68 వేలు. హిందీ టీచరు, పీఈటీ, తెలుగు మేడమ్ అన్ని క్లాసులకూ తిరుగుతారు కాబట్టి వాళ్ల జీతాల్లో ఈ క్లాసు వాటా ఇంకో 40 వేలు వేయండి. రెండు లక్షల పదివేలు దాకా జీతాలకే పోయింది. మిగిలిన దాంట్లో బిల్డింగ్ అద్దె, కరెంటు, ఆయా, ఆఫీసు, మరమ్మతులు, ఆపైన స్కూలు నడిపే కరెస్పాండెంట్ గారి ఇల్లు గడవాలి. సొంత బిల్డింగ్ అయితే ఇది నడుస్తుంది. మాగుంట లేఅవుట్ లాంటి ఖరీదైన చోట అద్దె బిల్డింగ్ అయితే నడవదు.

ఇప్పుడు ఫీజు 15 వేలు, పిల్లలు 20 మంది అనుకోండి. పూర్తిగా వసూలైనా మూడు లక్షలు. టీచరుకు ఏడెనిమిది వేలకు మించి ఇవ్వలేరు. అది కూడా చాలా చోట్ల పది నెలలకే ఇస్తారు, వేసవి జీతం ఉండదు. ఆ జీతానికి వచ్చిన అమ్మాయి ఇంకో రెండు వేలు ఎక్కువిచ్చే చోటు దొరగ్గానే వెళ్లిపోతుంది, తప్పు పట్టలేం. మీ పాప క్లాసులో పిల్లలు ఇరవై మందే ఉంటారు గానీ ఏడాదిలో టీచర్లు ముగ్గురు మారతారు. కొత్త మనిషిని చూస్తేనే నోరు విప్పని పిల్లకు ఇది 46 మంది క్లాసు కన్నా పెద్ద కష్టం.

ఇంకో మాట. ప్రైవేటు స్కూళ్ల మీద 1994లో వచ్చిన జీవో నంబర్ 1 ప్రకారం, వసూలైన ఫీజులో సగం టీచర్ల జీతాలకే పోవాలి. ఎంతమంది పాటిస్తారన్నది అలా ఉంచండి, మీకు మాత్రం అది మంచి కొలబద్ద. ఫీజును పిల్లల సంఖ్యతో హెచ్చవేసి సగం చేయండి. టీచర్లకు ఎంత ముట్టాలో సుమారుగా అయినా తెలుస్తుంది. జీతం ఎంతని కరెస్పాండెంట్‌ని అడిగితే చెప్పరు. అదే వీధిలో ఉండే టీచరును అడిగితే చెప్తుంది.

ప్రభుత్వం ఫీజులకు హద్దు పెట్టలేదా అని కొందరు అడుగుతుంటారు. 2021 ఆగస్టులో పెట్టింది. ప్రైమరీకి పంచాయతీల్లో 10 వేలు, మున్సిపాలిటీల్లో 11 వేలు, నెల్లూరు లాంటి కార్పొరేషన్లలో 12 వేలు అని జీవో ఇచ్చింది. యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి, అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. ఆ పాత జీవో పట్టుకెళ్లి ఎవరితోనూ వాదన పెట్టుకోకండి.

ఇక పాతిక మంది అనే అంకె. మీ ఆలోచన సరైనదే, పాప వయసు కూడా సరైనదే. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో 1985 నుంచి 1989 దాకా ఒక పెద్ద ప్రయోగం చేశారు. యూకేజీ స్థాయి నుంచి మూడో తరగతి వరకూ పిల్లల్ని చీట్లు వేసినట్టు విడదీసి, కొందరిని 13 నుంచి 17 మంది ఉండే క్లాసుల్లో, మిగతావాళ్లను 22 నుంచి 25 మంది ఉండే క్లాసుల్లో కూర్చోబెట్టారు. చిన్న క్లాసుల పిల్లలు చదవడంలో, లెక్కల్లో ముందున్నారు. పేదింటి పిల్లలకు మేలు ఇంకా ఎక్కువ కనబడింది. అక్కడ వాళ్లు ‘పెద్ద క్లాసు’ అన్నది మనం వెతుక్కునే చిన్న క్లాసు, అది వేరే సంగతి. నాకు అర్థమైంది ఏమిటంటే, చిన్న క్లాసుకు డబ్బు పెట్టాలనుకుంటే ఒకటి, రెండు, మూడు తరగతుల్లోనే పెట్టాలి. చాలామంది ఇక్కడ పొదుపు చేసి ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ అని అప్పు చేస్తారు. చదవడం, రాయడం కుదిరే వయసు ఇదే కదా.

అయితే మన చట్టాలు పాతిక అని ఎక్కడా అనవు. విద్యాహక్కు చట్టంలో ప్రైమరీకి 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు అని మొదలై, మొత్తం 200 దాటిన స్కూల్లో టీచరుకు 40 మంది మించకూడదని ఉంది. ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒక టీచరు. 2020 జాతీయ విద్యా విధానం 30 లోపు ఉండాలంటుంది. సీబీఎస్ఈ సెక్షనుకు 40 అంటుంది. కాబట్టి మా క్లాసులో 38 మందే అని ఎవరైనా గర్వంగా చెప్తే వాళ్లు రూల్ తప్పలేదు, అంతే. నన్నడిగితే పాతిక దగ్గర మరీ పట్టు పట్టకండి. నాలుగేళ్లుగా అదే క్లాసు చెప్తున్న టీచరు దగ్గర 28 మంది, ఏడాదికి ముగ్గురు మారే చోట 18 మంది అంటే నేను మొదటిదే ఎంచుకుంటాను.

ఇప్పుడు అసలు మెలిక. క్లాసు చిన్నగా ఉందంటే ఎందుకు చిన్నగా ఉందో తెలుసుకోవాలి. యాజమాన్యం కావాలని తక్కువ మందిని తీసుకునే స్కూళ్లు ఉన్నాయి, చాలా తక్కువ. పిల్లలు వెళ్లిపోతూ ఉండటం వల్ల చిన్నగా మిగిలినవి ఎక్కువ. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

తేడా తెలియాలంటే ఎల్‌కేజీ నుంచి ఐదు దాకా ఏ క్లాసులో ఎంతమందో చూడండి. ఎల్‌కేజీలో 22, ఒకటిలో 21, మూడులో 18, ఐదులో 13 అని ఉంటే కంగారు పడొద్దు. మన ఊళ్లో అది మామూలే. కార్పొరేట్ చదువులకు పుట్టినిల్లు లాంటి ఊరు మనది, నారాయణ సంస్థలు మొదలైంది ఇక్కడే. మూడు, ఐదు తరగతులయ్యాక పిల్లల్ని అటు మార్చడం అలవాటైపోయింది. కానీ ఎల్‌కేజీలో ఏడుగురు, ఐదులో 20 మంది ఉంటే మాత్రం కొత్తగా ఎవరూ రావడం లేదన్న మాట. అది రెండు మూడేళ్లలో మూతపడొచ్చు, లేదా ఇంకో సంస్థ చేతికి పోయి బోర్డు మారొచ్చు. రాష్ట్రంలో పిల్లలు పుట్టడమే తగ్గింది, ఒక్కో తల్లికి సగటున 1.7 అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ దెబ్బ ముందుగా తగిలేది చిన్న స్కూళ్లకే.

ఈ అంకెలు ఆఫీసులో అడిగితే పెంచి చెప్తారు. మీరే చూడొచ్చు. ప్రతి గుర్తింపు ఉన్న స్కూలుకూ యూడైస్ కోడ్ అని 11 అంకెల నంబరు ఉంటుంది, మన రాష్ట్రానివి 28తో మొదలవుతాయి. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ సైట్‌లో ‘నో యువర్ స్కూల్’ అనే చోట జిల్లా, మండలం ఎంచుకుంటే పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, గదులు, మరుగుదొడ్లు కనిపిస్తాయి. ఆ లెక్క ఒక ఏడాది వెనక ఉంటుంది, స్కూలు వాళ్లు ఇచ్చిందే ఉంటుంది. అయినా పిల్లలు 310, టీచర్లు 9 అని కనబడితే మీ ముందు కూర్చున్న మనిషి క్లాసుకు ఇరవై మందే అంటున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

ఆ సైట్‌లో స్కూలు అసలు కనబడకపోతే ఆగండి. గుర్తింపు లేదేమో, లేదా ఐదు వరకే గుర్తింపు ఉండి ఏడు వరకు నడుపుతున్నారేమో. అలాంటి చోట పిల్లల పేర్లు ఇంకో స్కూలు రిజిస్టర్లో ఉంటాయి. చదివేది ఒకచోట, టీసీ వచ్చేది ఇంకోచోట నుంచి. పిల్లల చదువుకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బులు ఆగినప్పుడు గానీ చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆ పథకం ప్రైవేటు స్కూలు పిల్లలకూ వర్తిస్తుంది. అర్హత ఉంటే ఏడాదికి 15 వేలు, అందులో రెండు వేలు స్కూళ్ల నిర్వహణకు పోగా 13 వేలు మీ ఖాతాలో పడతాయి. 75 శాతం హాజరు ఉండాలి. మీ 35 వేల లెక్కలో ఇది చిన్న మొత్తం కాదు, కాబట్టి పాప పేరు ఏ స్కూలు పేరు మీద నమోదవుతుందో చేర్చే ముందే అడగండి.

స్కూలుకు ఎప్పుడు వెళ్లాలి? మే నెలలో వెళ్లొద్దు. మేలో ప్రతి స్కూలూ బాగుంటుంది, పిల్లలు ఉండరు గదా. కొత్త రంగులు, బెలూన్లు, చల్లని మంచినీళ్లు. టేబుల్ దగ్గర కూర్చున్న టీచరుకు ఇన్ని అడ్మిషన్లు తేవాలని టార్గెట్ ఉంటుంది, పాపం ఆమె ఏం చెప్పినా ఆ టెన్షన్‌తోనే చెప్తుంది. జనవరి, ఫిబ్రవరిలో, సంక్రాంతి సెలవులయ్యాక, మామూలు పనిదినం పదకొండు గంటలకు వెళ్లండి. ఫోన్ చేసి వెళ్లొద్దు.

రెండో తరగతి గది చూపించమని అడగండి. చూపించము, పిల్లలు డిస్టర్బ్ అవుతారు అంటే గుమ్మం దగ్గర నిలబడి ఒక్క నిమిషం చూస్తానని చెప్పండి. దానికీ ఒప్పుకోకపోతే ఇంకో స్కూలు చూసుకోండి. గదిలోకి తొంగి చూసినప్పుడు బెంచీలు లెక్కపెట్టండి, పిల్లల్ని కాదు. ఆ రోజు ఆబ్సెంట్ అయినవాళ్లు బెంచీల్లో తెలుస్తారు. రెండు తరగతులను ఒకే గదిలో అటు ఇటు తిప్పి కూర్చోబెట్టారా చూడండి. పదిహేను మంది అని చెప్పింది నిజమే కావచ్చు, కానీ పక్క వరుసలో మూడో తరగతి పదిహేను మంది ఉంటే ఆ టీచరుకు ముప్పై మంది, రెండు సిలబస్‌లు. ప్లైవుడ్ అడ్డం పెట్టి ఒక హాలును మూడు గదులు చేసిన చోట ఇంకో ఇబ్బంది. పక్క గదిలో ఎక్కాలు, ఇటు రైమ్స్, మధ్యలో మీ పాప. నెమ్మదిగా మాట్లాడే పిల్ల గొంతు అక్కడ టీచరు దాకా చేరదు.

ఆ తర్వాత నోటుపుస్తకాలు. ఇది మాత్రం వదలొద్దు. ఫస్టు ర్యాంకు పిల్లవాడి పుస్తకం తెచ్చి ముందు పెడతారు. వద్దని చెప్పి, మధ్యలో ఉన్న ఏవైనా నాలుగు పుస్తకాలు ఇమ్మనండి. నాలుగింట్లోనూ ఒకే జవాబు, ఒకే మాటలు, అన్నీ రైటు మార్కులు ఉంటే బోర్డు మీద రాసింది దించారు. అక్కడ ఇరవై మంది ఉన్నా అరవై మంది ఉన్నా ఒకటే. ఒక పుస్తకంలో ‘బ’కు ‘భ’ రాసినచోట సున్నా చుట్టి, కింద మళ్లీ రాయించి, మూడు రోజుల తర్వాత పేజీలో ఆ తప్పు పోయి ఉంటే అదే మీరు డబ్బు పెట్టాల్సిన చిన్న క్లాసు. తప్పులు కనబడే పుస్తకాలున్న క్లాసును నమ్మండి.

టీచరు బయటికి వస్తే ఒక పిల్లను చూపించి అడగండి, ‘ఆ పాప ఎట్టా చదవతా ఉంది మేడమ్?’ అని. బాగా చదువుతుందండీ అంటే సరిపోదు. ‘తెలుగు చదివేస్తుంది, తీసివేతల్లో అప్పు తీసుకోవడం దగ్గర ఆగిపోతా ఉంది’ అన్నదంటే ఆ క్లాసు ఎంత పెద్దదైనా ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ డీఎడ్ చేసిందా, బీఎడ్ చేసిందా కూడా అడగొచ్చు. చిన్నపిల్లలకు చెప్పడం నేర్పేది డీఎడ్. 2023లో సుప్రీంకోర్టు కూడా ప్రైమరీ టీచరు ఉద్యోగానికి బీఎడ్ అర్హత కాదని తేల్చింది. అయినా డిగ్రీ కన్నా నేను రెండో ప్రశ్నకే ఎక్కువ విలువిస్తాను: పోయినేడాది ఉన్న టీచర్లలో ఈ ఏడాది ఎంతమంది ఉన్నారు? దీనికి సరైన జవాబు ఆఫీసులో రాదు. ఆయా చెప్తుంది, గేటు దగ్గర ఆటో అన్న చెప్తాడు. సాయంత్రం బెల్లు కొట్టే వేళకు పది నిమిషాల ముందు వెళ్లి అక్కడ నిలబడ్డ అమ్మల్లో ఒకరిని పలకరిస్తే ఇంకా బాగా చెప్తారు.

కరెస్పాండెంట్ ముందు కూర్చున్నప్పుడు అడగాల్సింది ఒకటే పెద్ద ప్రశ్న. ‘ఈ క్లాసుకు ఎంతమంది దగ్గర అడ్మిషన్లు ఆపేస్తారు?’ జూన్‌లో 20 మందితో మొదలైన సెక్షను జులై చివరికి 34 కావడం నేను ఎన్నిసార్లు చూశానో. ఇంకో పద్ధతి కూడా ఉంది, జూన్‌లో ఏ, బీ అని రెండు సెక్షన్లు పెడతారు, ఆగస్టులో ఒక టీచరు మానేయగానే రెండూ కలిపేస్తారు. తల్లిదండ్రులకు ముక్క కూడా చెప్పరు. అందుకే ఎంతమంది దగ్గర ఆపుతారో, సెక్షన్లు కలిపితే ముందుగా చెప్తారా అన్నది ఫీజు కాగితం మీదే రాసి సంతకం పెట్టమనండి. చిన్న స్కూళ్లలో మొహమాటానికైనా రాసిస్తారు. రాయకపోయినా, అడిగిన తల్లి గుర్తుంటుంది వాళ్లకు.

ఒకటి, రెండు తరగతుల పిల్లకు ఎంట్రన్స్ టెస్టు అంటే అది చట్టం ఒప్పుకోని పని. విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ పిల్లల్ని పరీక్షించి చేర్చుకోవడాన్ని నిషేధించింది, మొదటిసారికి 25 వేల దాకా జరిమానా ఉంది. మీరు కేసు పెట్టక్కర్లేదు. ఆ టెస్టు పెట్టే స్కూలు మాట్లాడని పిల్లను ఎలా చూస్తుందో మాత్రం గ్రహించండి.

డబ్బు సంగతి. ట్యూషన్ ఫీజు ఎంత అని అడగొద్దు, ‘జూన్ నుంచి ఏప్రిల్ దాకా మొత్తం నా చేతి నుంచి ఎంత పోతుంది, ఈ కాగితం మీద రాయండి’ అనండి. అడ్మిషన్ ఫీజు, పుస్తకాల సెట్టు, రెండు జతల యూనిఫాం, శనివారానికి తెల్ల డ్రెస్సు, టై, బెల్టు, పరీక్ష ఫీజు, యాన్యువల్ డే, స్మార్ట్ క్లాస్ అని ఒకటి. 22 వేలు అన్న స్కూలు ఇవన్నీ కలిపేసరికి 33 వేలు కావడం వింత కాదు. పైన ఆటో ఉంది. మీ బడ్జెట్‌లో ట్యూషన్ ఫీజు 20 నుంచి 22 వేల మధ్య ఉండే స్కూళ్లే వెతకండి, ఆటో అక్కర్లేని దూరంలో.

బేరం ఆడొచ్చా? పెద్ద స్కూళ్లలో ఆడండి, వాళ్లు ఆడతారనే ఎక్కువ చెప్తారు. చిన్న స్కూల్లో మాత్రం మూడు నాలుగు కంతుల్లో కడతానని అడగండి గానీ ఐదారు వేలు తగ్గించమని పట్టుబట్టకండి. అక్కడ తగ్గించేది టీచరు జీతంలోంచే.

దూరం గురించి ఎవరూ పట్టించుకోరు గానీ మన ఊళ్లో అది పెద్ద విషయం. రైలు పట్టాలు ఊరిని రెండు ముక్కలు చేశాయి. నవంబరులో వాన పట్టిందంటే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్లు నిలిచి అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. కాబట్టి పట్టాలు దాటాల్సిన స్కూలు, హైవే దాటాల్సిన స్కూలు మొదటే కొట్టేయండి. నిప్పో సెంటర్ నుంచి మొదలుపెట్టి అటు బుజబుజ నెల్లూరు దాకా, ఇటు కల్లూరుపల్లి హౌసింగ్ బోర్డు దాకా ఒక ఆదివారం బండి మీద తిరిగితే సందుల్లో మీరు ఎప్పుడూ చూడని బోర్డులు కనబడతాయి. పేపర్లో ప్రకటన ఇచ్చే స్థోమత లేని స్కూళ్లు అవి. యజమాని దంపతుల్లో ఒకరు టీచరై, కింద స్కూలు, మేడ మీద ఇల్లు ఉండే చోట్లు ముందు చూడండి. అద్దె లేదు, ఒక జీతం మిగులుతుంది, పొద్దస్తమానం వాళ్లు అక్కడే ఉంటారు. నేను చూసిన మంచి చిన్న క్లాసులు ఎక్కువ అలాంటి చోట్లే ఉన్నాయి. మిషన్ స్కూళ్లు ఫీజు తక్కువ, క్రమశిక్షణ బాగుంటుంది, కానీ పిల్లలు కిక్కిరిసి ఉంటారు, మీకు కావలసింది అక్కడ దొరకదు.

ఒంగోలు, కనిగిరి, పొదిలి వైపు వాళ్లకు కూడా ఈ లెక్కే పని చేస్తుంది. మండల కేంద్రాల్లో అద్దెలు తక్కువ కాబట్టి అదే ఫీజుకు ఇంకా చిన్న క్లాసు దొరకొచ్చు. అయితే ట్రైనింగ్ ఉన్న టీచర్లు నిలబడటం అక్కడ మరీ కష్టం, ఆ ఒక్కటి గట్టిగా విచారించుకోండి.

సీబీఎస్ఈ గురించి అడిగారు. రెండో తరగతి పిల్లకు బోర్డుతో పని లేదు, బోర్డు పరీక్ష పదో తరగతిలో వస్తుంది. సీబీఎస్ఈ అనుబంధం కావాలంటే స్థలం, గదుల కొలతలు, స్టాఫ్ అన్నింటికీ నిబంధనలు ఉన్నాయి. గది 500 చదరపు అడుగులు ఉండాలి, సెక్షనుకు సగటున ఒకటిన్నర మంది టీచర్లు ఉండాలి. అవన్నీ నిజంగా పెట్టి, పాతిక మందితో, అన్నీ కలిపి 35 వేలకు నడపడం లెక్కకు అందదు. స్కూలు నేమ్‌బోర్డు మీద ‘సీబీఎస్ఈ కరిక్యులం’ అని రాసి ఉంటే అది సీబీఎస్ఈ స్కూలని కాదు, ఆ పుస్తకాలు చెప్తారని మాత్రమే. అనుబంధం ఉందో లేదో సీబీఎస్ఈ సైట్‌లో స్కూలు పేరు కొట్టి చూసుకోవచ్చు.

ఇంకో దారి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. మీ ఇంటికి దగ్గర్లో ప్రభుత్వ మోడల్ ప్రైమరీ స్కూలు ఉందేమో చూడండి. 2025లో ప్రైమరీ స్కూళ్లను సర్దినప్పుడు ఈ స్కూళ్లకు తరగతికి ఒక టీచరు చొప్పున ఇచ్చారు. టీచర్లు డీఎస్సీలో ఎంపికైన వాళ్లు, నెల మధ్యలో మానేయరు. పిల్లలు తక్కువగా ఉన్న మోడల్ స్కూలు దొరికితే మీరు అడిగిన చిన్న క్లాసు ఉచితంగా దొరికినట్టే. అన్నీ అలా ఉండవు. ప్రైవేటు స్కూలును చూసిన కళ్లతోనే, అవే నోటుపుస్తకాలు అడిగి చూడండి.

బాబు విషయంలో తొందర పడొద్దు. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు ఉచితంగా ఇవ్వాలి. పాప ఇప్పటికే ఒకటి దాటింది కాబట్టి ఆమెకు కుదరదు, బాబుకు కుదరొచ్చు. స్టేట్ సిలబస్ స్కూలుకైతే జూన్ 1 నాటికి, సీబీఎస్ఈకైతే మార్చి 31 నాటికి ఐదేళ్లు నిండాలి. అనాథలకు, దివ్యాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు వాటాలున్నాయి, మిగతా కులాల్లో పేద కుటుంబాలకు 6 శాతం. వాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, తేదీలు ఏటా మారుతుంటాయి. మీ వార్డు సచివాలయంలో జనవరి నుంచే అడుగుతూ ఉండండి, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ ముందే సిద్ధం చేసుకోండి.

స్కూలు తేల్చుకున్నాక పాత స్కూలుతో గొడవ పెట్టుకోకుండా బయటపడాలి. ఏప్రిల్ పరీక్షలు అవగానే బాకీ మొత్తం కట్టి రసీదు తీసుకోండి, టీసీకి కాగితం మీద రాసి ఇచ్చి, ఆ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వచ్చే ఏడాదికి సీటు రిజర్వు అని డిసెంబరు నుంచే రెండు మూడు వేలు అడుగుతారు, కట్టకండి, వెనక్కి రావు. టీసీ ఒక్కటే సరిపోదు, ఆన్‌లైన్‌లో కూడా పాప పేరును పాత స్కూలు వదిలిపెట్టాలి. లేకపోతే కొత్త స్కూల్లో పేరు ఎక్కదు. ఆగస్టు దాకా ఆ పని నలిగితే జిల్లా విద్యాశాఖ అధికారి (డీఈఓ) ఆఫీసు దాకా వెళ్లే ముందు మండల విద్యాశాఖ అధికారిని కలవండి, చాలావరకు అక్కడే తేలిపోతుంది.

కొత్త స్కూల్లో చేర్చాక మొదటి రెండు నెలలు మార్కులు అడగొద్దు. క్లాసులో ఈ రోజు ఎవరితో మాట్లాడావు, టీచరు నిన్ను ఏం అడిగింది, ఈ రెండే అడగండి. ఆగస్టు 15న జెండా వందనానికి మీరూ వెళ్లండి. ఆ రోజు క్లాసుల వారీగా వరుసల్లో నిలబెడతారు, రాని పిల్లలు కూడా వస్తారు. రెండో తరగతి వరుస లెక్కపెట్టండి. కాగితం మీద రాసిచ్చిన అంకె దాటి ఉంటే మర్నాడే ఆ కాగితం తీసుకుని కరెస్పాండెంట్‌ని కలవండి. ఒక్కరే కాదు, గేటు దగ్గర పరిచయమైన ఇంకో ఇద్దరు అమ్మల్ని వెంటబెట్టుకుని.